కుళాయి ఎవరి గుమ్మం ముందు?

"నా గుమ్మం ముందు కుళాయి వద్దంటే వద్దు!" అర్మీన్ ముసలమ్మ చేతికర్రతో బల్ల మీద ఒక్కటి వేసింది.

కౌన్సిలర్ ఆల్బన్ కాగితాల మీంచి తలెత్తి చూశాడు. రాజధాని రోజో పట్నం నుంచి ఆ కొండవాలు వీధికి మంజూరైంది ఒకే ఒక్క కుళాయి. మా గుమ్మం ముందంటే మా గుమ్మం ముందని పొద్దుటి నుంచి జనం అతని ఆఫీసులో పోట్లాడుకుంటున్నారు.

"మరెక్కడ పెట్టమంటావు పెద్దమ్మా?"

"మా ఇంటికి ఎగువన క్లోటిల్డ్ ఇల్లుంది కదా. దాని గుమ్మం ముందు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కంచె మీద వాలిన బ్రెడ్‌ఫ్రూట్ చెట్టు కొమ్మ దగ్గర తగవు వచ్చి ఆ ఇద్దరూ మాటలు మానేసిన సంగతి ఊరందరికీ తెలుసు.

"కొలతలు అయిపోయాయి. ఇక మార్చలేను."

"ఎలా మార్చవో నేనూ చూస్తా!"

అది సోమవారం. మంగళవారం బడిలో ఆల్బన్ నెట్‌బాల్ కప్పు ఇస్తుంటే పిల్లల వరుస చివర ఆవిడే నిలబడి ఉంది. "కుళాయి సంగతేం చేశావురా?" గురువారం జాలర్ల పండుగలో ఫాదర్ పడవల మీద పవిత్రజలం చల్లుతుంటే ఆల్బన్ చెవి పక్కన గుసగుస: "ఆ నీళ్లు సరే, మా నీళ్ల మాటేమిటి?" శుక్రవారం చావింటికి పరామర్శకు వెళ్తే అక్కడా వదల్లేదు.

శనివారం కూలీలు పలుగులు పట్టుకొచ్చేసరికి, సున్నంతో గుర్తు పెట్టిన చోటే కుర్చీ వేసుకుని కూర్చుంది. "ముందు నన్ను తవ్వి, తర్వాత నేల తవ్వండి!"

కబురందుకుని ఆల్బన్ రొప్పుతూ కొండెక్కి వచ్చాడు. వారమంతా అణచుకున్న కోపం బయటపడింది.

"క్లోటిల్డ్ పెద్దమ్మ మీద ఇంత కక్షా? వీధి వీధంతా బకెట్లు పట్టుకుని ఆవిడ గుమ్మం ముందే గోల చెయ్యాలనా?"

ముసలమ్మ కూలీల వైపు చూసింది. వాళ్లు పక్కకి తప్పుకున్నారు. అప్పుడు నెమ్మదిగా అంది:

"నా గుమ్మం ముందు పెడితే అది చచ్చినా రాదురా. ఆ అరిగిన మోకాళ్లతో రోజూ ఏటికే దిగుతుంది. దాని గుమ్మం ముందు పెడితే నేను వెళ్తాను. నాకు రోషం తక్కువ."

ఆల్బన్ కోపమంతా జారిపోయింది. ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"సరే పెద్దమ్మా, రెండిళ్లకీ మధ్యలో పెట్టిస్తాను. ఇద్దరికీ సమానంగా ఉంటుంది."

"మధ్యలో వద్దు నాయనా." ఆవిడ ఎగువనున్న క్లోటిల్డ్ ఇంటి వైపు చూసింది. "దాని వాకిట్లో నీళ్లు ఒలకబోశానని అయినా అది నన్ను తిట్టాలి కదా... దాని గొంతు విని పదకొండేళ్లయింది."