నీరసం లేని మనిషి

మల్లేశు కనక జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. చేతిలోని వెదురు కర్ర విరిగేదాకా ఆమె వీపు మీద బాదాడు. విరిగాక కాలితో తన్నాడు.

"వొగ్గేయ్ మల్లేశూ! నీ అప్పలాటిదాన్నిరా!"

"అప్పవా? చిల్లంగి పెట్టే మంత్రగత్తెవి! ఊరి సత్తువంతా తాగేత్తన్నావు. నా రత్నాల్ని వదుల్తావా, పళ్లు రాలగొట్టమంతావా?"

ఎదురింటి అరుగు మీద, మంచంలోంచి అతని పెళ్లాం రత్నాలు చూస్తోంది. మొన్న వానల్లో ఊరిని ఊపేసిన జ్వరం తగ్గింది కానీ, అప్పటినుంచి ఆమె బిందె ఎత్తింది లేదు. చుట్టూ చేరిన జనంలోనూ సగం మంది కూలబడే చూస్తున్నారు. నాలుగడుగులేస్తే కాళ్లు వణుకు. పడుకుని లేస్తే ఇంకా నీరసం. ఇది జ్వరం మిగిల్చిపోయిన జబ్బన్నాడు డాక్టరు. మందులు కొట్టిన కూరల వల్లేనన్నారు కొందరు. ఊళ్లో మంత్రాలేసే గురువు మాత్రం చేటలో బియ్యం పోసి చూసి తేల్చేశాడు: నీరసం ముట్టని మనిషే ఊరిని తింటోంది.

కాఫీ పళ్లు కోయడానికి రోజూ కొండెక్కుతున్నది కనక ఒక్కతే.

మల్లేశు రాయి అందుకుని ఆమె గుండెల మీద మోకాలు పెట్టాడు. ఒక్క దెబ్బకి పెదవి చీలింది. రెండు పళ్లు ఊడి మట్టిలో పడ్డాయి.

"నాకూ ఉందిరా ఆ రోగం!" నెత్తురు ఉమ్ముతూ అరిచింది కనక. "సెప్తే కూలికి పిలవరని సెప్పనేదు. తోటలో కోసింది తక్కువ, సెట్ల కింద తొంగున్నది ఎక్కువ."

"అబద్దాలాడకు!"

"గంజి కాసుకోడానికే ఓపిక నేదు. లోనికెల్లి నా పొయ్యి సూడండి!"

ఊరిపెద్ద భీమన్న గుంజకు జారబడినవాడు అలాగే సైగ చేశాడు. జనంలోంచి తవిటమ్మ గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లి, ఆయాసపడుతూ వచ్చింది.

"పొయ్యికి సెదలట్టేసినాది తాతా. కుండలో పచ్చి సోడిపిండీ, నీల్లూను."

జనం గొణుక్కున్నారు. ఎవరో కనకను లేపి కూర్చోబెట్టారు.

"ఇది కాదు," అన్నాడు భీమన్న. "మరెవులు?"

మల్లేశు ఇంకా రాయి వదల్లేదు. అంత కొట్టినా రొప్పడం లేదు.

"ఎవులైతే ఏటి తాతా? సూపించండి, ఈ రాయితోనే సంపేత్తాను. నా రత్నాలు లేసి నడిత్తే నాకంతే సాలు."

అరుగు మీద మంచం కిర్రుమంది. రత్నాలు మోచేతి మీద లేచి, వేలు చాపింది.

"ఊరంతా జొరంతో పడున్నప్పుడు ఈడు వైజాగు పనిలో ఉన్నాడు. ఈడికొక్కనాడూ నీరసం రానేదు," అంది మొగుణ్ణి చూపిస్తూ. "ఈడే తాతా."