నల్లపెట్టెకు దారి

పేరు చెబితే నన్ను లోపలేస్తారు కాబట్టి చెప్పను. ఒక పెద్ద దేశపు అధ్యక్షుడికి ఎమ్మిగనూరు మగ్గం చూడాలని ముచ్చటేసింది. అంతే, ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా రోడ్డు మూసేశారు. మేడల మీద తుపాకులు, వంతెనల కింద పోలీసు కుక్కలు. రోడ్డు పక్క ఊళ్ళలో మేకల్ని కూడా కట్టేయించారు మన ఘనులు, అవి కుట్ర చేస్తాయేమోనని!

సరిగ్గా అప్పుడే పత్తి చేలో మాదన్నను పాము కరిచింది. భార్య గంగమ్మ అతన్ని ఆటోలో వేసుకుని ఆదోని ఆసుపత్రికి బయల్దేరింది. మెయిన్ రోడ్డు ఎక్కే చోట సీఐ లాఠీ అడ్డం పెట్టాడు.

"పాము కరిసింది సారూ! నీ కాళ్ళు మొక్కుతా, ఇడ్సు సారూ!"

"కాన్వాయ్ పోయేదాకా ఈగ కూడా రోడ్డెక్కేదానికి లేదు."

"ఒక్క ఆటోనే కదా సారూ, ఓరగా పోతాము" అన్నాడు డ్రైవర్ యేసేపు.

సీఐకి ఒళ్ళు మండింది. "ఏయ్, ఆ అధ్యక్షుడు ఉండాడే, ఆయప్ప యెనకాల ఒక నల్లపెట్టె వస్తాది. దాంట్లో అణుబాంబులు పేల్చే రహస్య అంకెలుంటాయి. అది ఎవడి చేతికన్నా చిక్కిందనుకో, నీ ఆదోనీ ఉండదు, నీ ఆటోనూ ఉండదు. తెల్సునా?"

"పాముకు తెల్దు గదా సారూ!"

ఆ మాటకు యేసేపు చెంప పగిలింది. దేశభద్రత అంటే మాటలా మరి!

మాదన్న రెప్పలు వాలిపోతున్నాయి. "నీళ్ళు" అన్నాడు. తర్వాత ఆ మాట కూడా రాలేదు. గంగమ్మ రోడ్డు మీదికి పరుగెత్తబోతే ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు ఒడిసి పట్టుకున్నారు.

నలభై నిమిషాలకు వచ్చాయి కార్లు. ముప్పై రెండు! నడిమధ్యన నల్ల అద్దాల కారు. సీఐ కాళ్ళు దగ్గర పెట్టి సెల్యూట్ కొట్టాడు. గంగమ్మ ఆ అద్దాలకేసి చేతులెత్తి దండం పెట్టింది.

"ఒక్కసారి ఇట్ల చూడు నాయనా!"

కారు ఆగలేదు. ఎందుకాగుతుంది?

ఆసుపత్రిలో డాక్టర్ నాడి చూసి, "ఒక అరగంట ముందు తెచ్చింటే..." అంటూ మాదన్న ముఖం మీదికి దుప్పటి లాగాడు. గంగమ్మ గుండెలు బాదుకుంటూ కూలబడింది.

అవతల ఎమ్మిగనూరులో అధికారులు ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నారు. ఒక్క సెకను కూడా తేడా రాలేదట. నల్ల అద్దాల కారు తలుపు తీసి, సీటు బెల్టు విప్పి, రేపు రాబోయే అధ్యక్షుడి బరువుకు సరిగ్గా తూచి పెట్టిన రెండు ఇసుక మూటల్ని జాగ్రత్తగా కిందికి దించారు.