నాలుగు మైదానాలు

మొదటి గోల్ఫ్ బంతి కొట్టకముందే ధీరజ్ అరచేతులు చెమటతో తడిసిపోయాయి.

ఎదురుగా జర్మనీలోని ఆల్ట్‌మ్యూల్ లోయ. కింద నది, అవతలి గట్టు మీద పాత కోట. పక్కన నిలబడ్డ సుభద్ర మాత్రం కోటని చూడటం లేదు. అతని చేతుల్ని చూస్తోంది. కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా విడిభాగాల్లో లోపాలు పట్టే ఉద్యోగం ఆవిడది. ఆ చూపుకి సెలవులుండవు.

ఈ ప్రయాణం ఆవిడ పెట్టిన షరతే. నవ్యశ్రీని పెళ్లి చేసుకుంటానని ధీరజ్ వెళ్లి అడిగితే అవుననలేదు, కాదనలేదు. ఆగస్టులో నాలుగు రోజులు సెలవు పెట్టమంది. సభ్యులు కానివాళ్లని కూడా ఆడనిచ్చే గోల్ఫ్ మైదానాలు మంచి మంచి చోట్ల ఉన్నాయి, కారేసుకుని ముగ్గురం రోజుకొకటి చూద్దాం, ఆడాక మాట్లాడుకుందాం అంది. ధీరజ్ గార్చింగ్‌లో రీసెర్చ్ ఇంజినీరు. మైదానంలోకి రానివ్వాలంటే అక్కడ పాసవ్వాల్సిన గోల్ఫ్ పరీక్ష పాసై ఆర్నెల్లే అయింది.

కరీంనగర్‌లో ఉన్న నవ్యశ్రీ తల్లి ఫోన్‌లో ఒకటే మాట చెప్పింది, సుభద్ర వదినె సరేనంటే మాకూ సరేనని. నవ్యశ్రీ కూడా అంతే. ఏడేళ్ల కిందట జర్మనీ వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఇంగోల్‌స్టాట్‌లో సుభద్ర ఇంట్లోనే ఉంటోంది. అత్తమ్మా అంటుంది. ఆవిడ మాట దాటదు.

ధీరజ్‌కి మాత్రం ఆవిణ్ణి ఏమని పిలవాలో తేలలేదు. కాకినాడ మర్యాదంతా 'అండి'లో పెట్టి నెట్టుకొస్తున్నాడు.

రెండో రోజు ఆల్గోయ్ కొండసీమ. రాతి కొండలు పచ్చిక చివరే ఉన్నట్టున్నాయి. ధీరజ్ వాటివైపు తలెత్తితే ఒట్టు. నాలుగు బంతులు పోగొట్టుకున్నాడు. హోల్‌కీ హోల్‌కీ మధ్య నడుస్తూ సుభద్ర ప్రశ్నలు వేస్తూనే ఉంది. మీ నాన్నకి గుండెజబ్బేమైనా ఉందా? నీ బీపీ ఎంత? రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటావు? కారులో కూడా అదే తీరు. హైవే మీద స్పీడు ముల్లు నూటముప్పై దాటితే ముందు సీటుని గట్టిగా పట్టుకునేది. ఏమీ అనేది కాదు. అతనే వేగం తగ్గించేవాడు.

నవ్యశ్రీ ట్రాలీ లాగుతూ ఇద్దరి మధ్యా నడిచేది. ఎంత మధ్యలో నడిచినా, ఆవిడ వైపే ఒక అడుగు ఎక్కువ.

మూడో రోజు బ్లాక్ ఫారెస్ట్. ఏడో హోల్‌లో ధీరజ్ బంతి చెట్ల కిందికి దొర్లింది. వెళ్లి చూస్తే వేరుకి ఆనుకుని ఉంది. కొట్టడానికి వీల్లేదు. వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. బూటు కొసతో బంతిని జానెడు పక్కకి నెట్టాడు. అక్కణ్ణుంచి కొట్టిన షాటు సూటిగా జెండా దగ్గర పడింది.

"ఐదు షాట్లండి" అన్నాడు.

సుభద్ర స్కోరు కార్డు మీద ఐదు వేసింది. మూడు రోజుల్లో మొదటిసారి, "మంచిగ ఆడినవ్" అంది.

ఆ రాత్రి హోటల్లో అన్నం సగంలో వదిలేశాడు. మర్నాడు బోడెన్‌జీ సరస్సు దాకా కారు నడిపినంతసేపూ అద్దంలో వెనక సీట్లో ఉన్న సుభద్ర వంక చూస్తూనే ఉన్నాడు. నవ్యశ్రీ ఏమైందని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఏం లేదన్నాడు.

సరస్సు నిండా తెల్ల తెరచాపలు. ఆ రోజు అతని బంతి ఒక్కటీ మాట వినలేదు. ఆట అయ్యాక నవ్యశ్రీ ట్రాలీ అప్పజెప్పడానికి వెళ్లింది. సుభద్ర గట్టున బల్ల మీద కూర్చుని కార్డు కూడుతోంది. ధీరజ్ ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్న ఏడో హోల్‌లో ఐదు అన్నానండి. రెండు జరిమానా షాట్లు కలిపితే ఏడు. చెట్ల కింద బంతిని కాలితో జరిపాను."

ఆవిడ పెన్ను ఆగింది. "నేను చూడలే."

"తెలుసండి. మీరు మంచిగా ఆడావన్నారు. అప్పట్నుంచి తిండి సయించట్లేదు."

సుభద్ర కార్డు పక్కన పెట్టింది.

"నీల ఒక్క తప్పన్న దొరకాలె అనుకొనే వచ్చిన" అంది. "దొరికితే నవ్యకు చెప్పి, వాపస్ మా ఇంటికి తోల్కపోదామనుకున్న. నాలుగు దినాలు దేవులాడిన. ఇప్పుడు నువ్వే తెచ్చి చేతుల పెట్టినవ్."

అయిపోయిందనుకున్నాడు ధీరజ్. తల దించుకున్నాడు.

ఆవిడ సంచిలోంచి నిన్నటి కార్డు తీసింది. ఐదు కొట్టేసి ఏడు రాసింది. పక్కన సంతకం పెట్టి, అతన్నీ పెట్టమంది.

దూరంగా గడ్డిలో నవ్యశ్రీ వస్తోంది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుంది. ఏదో కూనిరాగం తీస్తోంది. సుభద్ర కళ్లు ఆమె మీదే నిలిచిపోయాయి.

"అది ఇట్ల నడువంగ చూసి ఎన్ని దినాలాయెనో" అంది. "ముహూర్తం చూసుకొమ్మని మీ అమ్మానాన్నకు చెప్పు."

ధీరజ్ వంగి ఆవిడ కాళ్లు ముట్టుకోబోయాడు. ఆవిడ మధ్యలోనే అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒక్కటే అడుగుత బిడ్డా. లగ్గమైనంక గూడ నా కోడలి ఇంట్ల, పోయిన నా కొడుకు ఫొటో ఒకటి ఉండనిస్తవా?"