ఆఫీసరు వెనక గోడ

తెర మీద రెండు గళ్ళు. ఒకదాంట్లో ఖాకీ ఆఫీసరు. రెండో దాంట్లో కె.ఆర్.పురం సావిత్రమ్మ, కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"నేనేమీ చెయ్యలేదు సారూ. ఆ మత్తుమందుల పార్సిలు నాది కాదప్పా."

"కెమెరా ముందు నుంచి కదలొద్దు. ఎవరికీ ఫోన్ చెయ్యొద్దు. మీరు అరెస్టులో ఉన్నారు," అన్నాడు ఆఫీసరు.

హెబ్బగోడిలో ఓ అద్దెగది. కుర్చీకి అతుక్కుపోయి కూచున్న దీపక్‌కి ఇదంతా బూటకమని తెలుసు. వీడియోలో అరెస్టు చేసే పోలీసు ఈ దేశంలో ఎక్కడా లేడు. తెలిసి మాత్రం ఏం లాభం? లేవడానికి లేదు. కిటికీకి దుప్పటి కట్టించారు. బల్ల పక్కన నేల మీదున్న ఫ్యాను వెయ్యొద్దన్నారు. కాస్త కదిలినా ఇయర్‌ఫోన్‌లో గిరీష్ గొంతు వచ్చేస్తుంది. ఆ పేరైనా నిజమో కాదో.

"దీపక్, కదలకు. మీ అమ్మ అడ్రసు నా దగ్గరుంది, గుర్తుందిగా."

ఆ మాట వచ్చినప్పుడు తెర మీద ఆఫీసరు పెదవులు కదల్లేదు.

ప్రకటనల కంపెనీలో దీపక్ చేసింది ఈ పనే, బొమ్మతో నమ్మించడం. కొత్తగా చేరినవాళ్ళకి పాఠం కూడా చెప్పేవాడు. బొమ్మ తనంతట తాను అబద్ధమాడదు, చూసేవాడి చేత ఆడించుకుంటుంది అనేవాడు. అందుకే ఆఫీసరు గడిలో ఏది ఎందుకుందో అతనికి కొట్టినపిండి.

కెమెరా గడ్డం కంటే కింద పెట్టారు, మనిషి పైనుంచి చూస్తున్నట్టుండాలని. దేవుడి పటంలో తల వెనక చక్రంలా, సింహాల ముద్ర సరిగ్గా టోపీ వెనక వచ్చింది. బల్ల మీద ఎర్ర నాడాల ఫైళ్ళు, వాటి మీద దుమ్ము. దుమ్ము లేకపోతే సర్కారు ఆఫీసని ఎవరు నమ్ముతారు? ఒక చెంప మీద వెలుతురు, ఇంకో చెంప చీకటి. నోరు తెరవక ముందే సగం పని అయిపోతుంది.

అన్నీ కుదిరాయి, గోడ తప్ప. అది గోడ కాదు. గోడా ముద్రా కలిపి అచ్చువేసిన ఫ్లెక్సీ. పైన మేకులకి తగిలించి, కింద వదిలేశారు. పాపం, సావిత్రమ్మకి అదేం తెలుసు? ఆ టోపీకే చేతులు జోడిస్తోంది.

ఆఫీసరు కణత మీంచి చెమట జారింది. దీపక్ ఒళ్ళూ తడిసి ముద్దయింది.

"బ్యాంకు ఇంగా తెరిచే ఉండాది సారూ. ఉండేదంతా వేసేస్తా. నన్ను జైలుకు మాత్రం పంపొద్దప్పా, వీధిలో తలెత్తుకోలేను."

ఆమె చెప్పుల కోసం వంగింది. దీపక్‌కి అమ్మ గుర్తొచ్చింది. ఖాకీ కనబడితే అమ్మా ఇలాగే బెదిరిపోతుంది. అరిచి చెబుదామంటే గిరీష్ వింటాడు. ఊరుకుంటే ఈమె నిలువునా మునిగిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నీ సంగతి తరవాత చూస్తా," అంది ఇయర్‌ఫోన్‌లో గొంతు. "అందాకా బొమ్మలా కూచో."

దీపక్ బొమ్మలాగే కూచున్నాడు. బల్ల కింద కాలు మాత్రం మెల్లగా పక్కకి జరిగింది.

కాలి బొటనవేలు ఫ్యాను స్విచ్చి నొక్కింది, సావిత్రమ్మ తలెత్తి చూస్తుండగానే దీపక్ ఖాకీ చొక్కా వెనక గోడంతా సింహాలతో సహా గాలికి లేచి ఊగింది.