పనిదొంగ మోచెయ్యి

“డెబ్బై,” అంది ఫిజియోథెరపిస్టు, కోణం కొలిచే స్కేలు అతని మోచేతి మీంచి తీస్తూ. “పోయిన వారం డెబ్బై. అంతకు ముందు వారం డెబ్బై. మీ చేతికి ఇంకో అంకె రాదా?”

అతను తల దించుకున్నాడు. యాభై దాటిన మనిషి. మెట్ల మీంచి జారిపడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది అతుక్కునేసరికి కీలు బిగుసుకుపోయింది. ఆపరేషన్ చేసి వదులు చేశారు. ఇక రోజూ వంచడం, చాచడం అతని పని. బద్ధకిస్తే మళ్లీ కొయ్యబారిపోతుందని ఆమె మొదటిరోజే చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

పక్క కుర్చీలో బట్టలు కుట్టుకునే ఆవిడ కూర్చుని ఉంది. ఆవిడకీ అదే ఆపరేషన్. కళ్లనీళ్లు కారిపోతున్నా కప్పీ తాడు వదలకుండా లాగుతోంది. అప్పుడే నూట పదికి వచ్చేసింది.

“ఆవిణ్ని చూసైనా సిగ్గు తెచ్చుకోండి.”

“ఆవిడకి పనుందమ్మా.”

“మీకు లేదా?”

“ఉంది. రోజూ ఉండదు.”

“ఏం పనో?”

“మీట లాగాలి. లాగితే తలుపు తెరుచుకుంటుంది. అంతే.”

నీళ్ల గేటు కాబోలు అనుకుంది. నెల తిరిగేసరికి సర్కారు జీతం. చేసేది మీట లాగడం. అదీ ఎప్పుడో ఒకప్పుడు. దానికీ ఒళ్లు వంగదు. ఇలాంటివాళ్ల చెయ్యి ముట్టుకోవాలన్నా ఆమెకు రోతగా ఉంటుంది. అయినా వేడి మైనం పెట్టింది. మణికట్టు పట్టుకుని నొక్కింది. అతను నొప్పి అనలేదు. కండ బిగబట్టాడు. నిజంగా బిగిసిన కీలు ఎలా ఉంటుందో ఆమె వేళ్లకు తెలుసు. ఇది కీలు కాదు, మనిషి.

అతని ఆఫీసు గుమస్తా వారానికోసారి ఫోన్ చేసేవాడు.

“ఎంతవరకు వచ్చింది మేడం? ఇక్కడ పని ఆగిపోయింది. అది తెలిసినవాడు ఆయనొక్కడే.”

“పనిదొంగని నమ్ముకుంటే అంతేనండి,” అనేది ఆమె.

ఒక సాయంత్రం ఇంటికి వెళుతూ బస్టాపులో అతన్ని చూసింది. అతను జేబులోంచి దువ్వెన తీశాడు. ఆపరేషన్ చేసిన చేత్తోనే నుదుటి నుంచి వెనక్కి, తాపీగా తల దువ్వుకున్నాడు. డెబ్బై డిగ్రీల చెయ్యి తలదాకా పోదు.

మర్నాడు ఆమె స్కేలు బయటికి తియ్యలేదు.

“నిన్న బస్టాపులో క్రాపు బాగా దువ్వుకున్నారు.”

అతని మొహం పాలిపోయింది. “ఇంకొక్క నెల రాయమ్మా,” అన్నాడు. “ఒక్క నెల. మీ కాళ్లు పట్టుకుంటాను.”

“మీట లాగడానికి కాళ్లు పట్టుకుంటారా? నా సర్వీసులో చెయ్యి లేనివాడు కూడా పని అడిగాడు గానీ, చెయ్యి ఉండి ఇంత ఏడ్చినవాణ్ని చూడలేదు.”

ఆమె కాయితం లాక్కుని గబగబా రాసింది. మోచెయ్యి పూర్తిగా వంగుతుంది, విధుల్లో చేరవచ్చు. సంతకం పెట్టి, స్టాంపు గుద్దింది.

అతను కాయితం రెండుసార్లు చదివాడు.

“తేదీ లేకుండా ఇవ్వగలరా?”

“వేసేశాను.”

మెల్లిగా నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, “మీ తప్పేం లేదులెండి,” అన్నాడు.

దొంగతనం చేసినవాడు పోలీసును క్షమించినట్టుంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కుట్టుపనావిడ వైపు తిరిగి, “చూశారా పొగరు,” అంది. ఆ తర్వాత సబ్బుతో శుభ్రంగా చేతులు కడుక్కుంది. ఎన్నాళ్ల తర్వాతో ఓ మంచి పని చేసినట్టనిపించింది.

సాయంత్రం గుమస్తా ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో హుషారుంది.

“జైలరుగారు మీకు థాంక్స్ చెప్పమన్నారు మేడం, రెండు నెలలుగా తలారి లేక ఆగిపోయిన ఓ కుర్రాడి ఉరి సోమవారం తెల్లవారుజామున పెట్టుకున్నాం.”