తొమ్మిదో తారీఖున రాని ఫోను

"మీ యాప్‌లో వాన తప్పు నాయనా!"

ఆ గొంతు వినగానే, ఫిర్యాదులు రాసుకునే ఆయన ఫోన్‌ను చెవికి జానెడు దూరం జరిపాడు.

"వాన మేం కురిపించం మామ్మగారూ. ఎంత కురిసిందో చూపిస్తాం, అంతే."

"ఆ చూపించేదేదో సరిగ్గా చూపించమంటున్నా. ఇవాళ పన్నెండో తారీఖు. నలభై ఆరు మిల్లీమీటర్లు. నేను కొలిచి రాశాను. మీ దగ్గర సున్నా!"

"అలాగే, చెప్తాను లెండి."

ఫోన్ పెట్టేసి, పక్క బల్ల దగ్గరున్న ప్రోగ్రామర్ వైపు తిరిగాడు.

"వాన మామ్మ. పెరట్లో గిన్నె పెట్టుకుని కొలుస్తున్నట్టుంది. నీ కోడ్ కంటే ఆ గిన్నే నయమట చెల్లెమ్మా!"

ప్రోగ్రామర్‌కు ఒళ్ళు మండింది.

అది ఆమె మొదటి ఉద్యోగం. వాన కొలిచే కేంద్రం నుంచి, పాత ఏళ్ళ లెక్కలతో సహా, రోజూ వచ్చే ఫైలును చదివి, ఏ రోజు వానను ఆ రోజు కింద పెట్టే కోడ్ మొత్తం ఆమె ఒక్కతే రాసింది.

"నా కోడ్‌లో తప్పు లేదన్నా. నెలాఖరున వారం రోజులు కూర్చుని పరీక్షించాను."

"లేకపోతే మంచిదే అమ్మాయ్," అన్నాడు మేనేజర్ గదిలోంచి వస్తూ. "వచ్చే ఒకటో తారీఖు నుంచి వాగు వంతెన వాళ్ళు మన యాప్ చూసే గేటు వేస్తారు. కుండపోతను సున్నా అని చూపించామా, బండ్లన్నీ వాగులోకే. వాటి వెనకాలే మన ఉద్యోగాలూను."

మర్నాడు మామ్మ ఫోన్ చెయ్యలేదు. ఆ మర్నాడూ లేదు.

"హమ్మయ్య, అలిసిపోయింది," అన్నాడు ఫోన్లాయన. "పోయిన నెలా ఇంతే. పన్నెండు రోజులు వాయించింది, ఆపైన చప్పుడు లేదు."

ప్రోగ్రామర్ చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

"ఆ ఫిర్యాదుల రిజిస్టర్ ఇటివ్వన్నా."

ఆగస్టులో ఒకటి నుంచి పన్నెండు దాకా రోజూ ఫిర్యాదే, ఎనిమిది తప్ప. సెప్టెంబరులోనూ ఒకటి నుంచి పన్నెండు దాకా, తొమ్మిది తప్ప. ప్రతి ఫిర్యాదు పక్కనా అదే పేరు, అదే నంబరు.

ఆ నంబరుకు తనే ఫోన్ చేసింది.

"మామ్మగారూ, తొమ్మిదో తారీఖున మీరు ఫోన్ చెయ్యలేదేం?"

"ఆ రోజు సరిగ్గానే చూపించారుగా తల్లీ. ఒప్పును తప్పని ఎందుకంటాను?"

"మరి నిన్న, ఇవాళ?"

"అవీ సరిపోయాయి. సరిపోనప్పుడే కదా నా గోల!"

ప్రోగ్రామర్ రిజిస్టర్‌లో తారీఖులు మళ్ళీ చూసింది. ఆమెకు అర్థమైంది.

ఫైల్లోని తారీఖులో రోజు ముందుంటుంది, నెల తర్వాత. ఆమె కోడ్ నెలే ముందనుకుని చదువుతోంది. సెప్టెంబరు పన్నెండున పడిన వాన, ఇంకా రాని డిసెంబరు తొమ్మిది కింద పోయి కూర్చుంది! పదమూడో నెలంటూ లేదు కనుక, పదమూడో తారీఖు నుంచి మాత్రం కోడ్ తనంతట తానే తిప్పి చదువుకుని సరిపెట్టుకుంటోంది. తొమ్మిదో నెల తొమ్మిదో రోజును ఎటు చదివినా ఒకటే. ఆమె పరీక్షలేమో అన్నీ నెలాఖరువి.

"తప్పు నాదే మామ్మగారూ. సరిచేస్తాను."

"చెయ్యి తల్లీ. పడ్డ వాన పడ్డ రోజునే ఉండాలి."

కోడ్ మార్చడానికి పావుగంట పట్టింది. దారి తప్పిన వానలన్నిటినీ వాటి వాటి రోజులకు చేర్చడానికి రెండు రోజులు పట్టింది. ఆమె ఎక్కడా విసుక్కోలేదు. అయ్యాక లేచి నిలబడి, తప్పెక్కడో అందరికీ విప్పి చెప్పింది.

"తప్పు నాదే అన్నావు చూడు," అన్నాడు మేనేజర్, "అది నచ్చింది."

అక్టోబరు ఒకటి. తెల్లవారకముందే మొదలై కుండపోత.

యాప్‌లో ఒకటో తారీఖు కిందే తొంభై రెండు మిల్లీమీటర్లు కనిపించింది. వంతెన వాళ్ళు గేటు వేశారు. మధ్యాహ్నానికి వాగు వంతెన మీంచి పొర్లింది. ఆ సమయానికి దాని మీద ఒక్క బండి లేదు.

ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఫోన్లాయన మరీ గట్టిగా కొట్టాడు. ప్రోగ్రామర్ ఆ చప్పట్ల మధ్యే మామ్మ నంబరు నొక్కింది.

ఎవరో కొత్త గొంతు.

"మామ్మగారు నిన్నటితో మానేశారండీ. ఈ ఫోన్ నాకు అప్పజెప్పి వెళ్ళారు."

"మీరు వాళ్ళమ్మాయా?"

"కాదండీ, ఆవిడ స్థానంలో చేరాను. మీరేనా ఆ తారీఖుల అమ్మాయి? వెళ్తూ వెళ్తూ మీ మాటే చెప్పారు. 'నా వానలన్నీ ఇంటికి చేర్చిన పిల్ల ఒకతె ఉంది' అని ఎంత గొప్పగా చెప్పుకున్నారో!"

"ఆవిడ వానలా? ఇంతకీ ఆవిడ ఎవరండీ?"

అవతల చిన్న నవ్వు.

"రోజూ మీకొచ్చే ఫైల్లో ఆఖరి గడి చూళ్ళేదా?"

యాప్‌కు అక్కర్లేదని తన కోడ్‌లో వదిలేసిన ఆ ఆఖరి గడిని ప్రోగ్రామర్ మొదటిసారి తెరిచి చూసింది: 'కొలిచినవారు' అన్న మాట కింద, ముప్పై ఏళ్ళ కిందటి మొదటి వరస నుంచి నిన్నటి వరస దాకా, ప్రతి వాన పక్కనా, రిజిస్టర్‌లో ఉన్న మామ్మ పేరే ఉంది.