చిల్లు గొడుగు చాంపియన్

“ఇవాళ్టితో ఆఖరు. రేపు మీ మేడమ్‌కి మెయిల్ పెట్టి క్లబ్ మానేస్తున్నానని చెప్పెయ్,” అంది నాగమల్లేశ్వరి, హోటల్ ముందు కారు ఆపుతూ.

పక్క సీట్లో ఉన్న కూతురు అవనికి ఏడుపొక్కటే తక్కువ. రాష్ట్రంలోని హైస్కూలు పిల్లలందరికీ కలిపి ఉన్న బిజినెస్, మార్కెటింగ్ క్లబ్ అది. అరవై ఏళ్ల పండగకి క్లబ్ చరిత్ర రాసి చదివే పని అవనికి దక్కింది. వచ్చే ఏడు ఆ క్లబ్బుకి రాష్ట్ర ప్రెసిడెంటు కావాలని ఆ పిల్ల ఆశ. తల్లిదేమో అమెరికాలో వాళ్లుండే క్యారీ అనే ఊళ్లో బయల్దేరిన దగ్గర్నుంచి ఒకటే పాట. సరుకులమ్మడం నేర్చుకునే టైములో నాలుగు లెక్కలు చేసుకోవచ్చట.

“ఆ క్లబ్బులో మనవాళ్లకి ప్రైజులు రావు. నాకు తెలుసు.”

“నీకెలా తెలుసు మమ్మీ?”

“తెలుసన్నానుగా. దిగు.”

హాలు నిండిపోయింది. పిల్లలు ముందు, తల్లిదండ్రులు వెనక. నాగమల్లేశ్వరి ఆఖరి వరసలో కూర్చుని ఫోన్ తీసింది. అవని మైకు ముందు నిలబడి, పదకొండు మంది పిల్లలు స్కూలు గేటు దగ్గర పాప్‌కార్న్ అమ్మి క్లబ్ మొదలెట్టిన కథ చెప్పింది. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. తర్వాత బల్ల మీదున్న పాత కప్పు ఎత్తి చూపించింది.

ఇది 2003 చాంపియన్‌దట. ఆ పోటీలో జడ్జి ఒక చిల్లు గొడుగిచ్చి అమ్మమంటే, ఆ అమ్మాయి దాన్ని జడ్జి చేతే కొనిపించిందట. కానీ ప్రైజు తీసుకోవడానికి రానే లేదు. పాత కాగితాలు పోయాయి. కప్పు మీద చెక్కిన మొదటి పేరొక్కటే మిగిలింది. ఆవిడ ఏ దేశపు మనిషో కనుక్కుందామని అవని మూడు నెలలు ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టింది.

“ఫ్నూ! ఫ్నూ ఎక్కడున్నా ఈ కప్పు ఆమె కోసం ఎదురుచూస్తోంది,” అని అవని గొంతెత్తి చదివింది.

వెనక వరసల్లో ఆరుగురు లేచి నిలబడ్డారు. ఆరుగురూ తెలుగువాళ్లే. హాలంతా తెల్లబోయింది.

వాళ్లలో పెద్దాయన తిరుపతయ్య సిగ్గుపడుతూ సంగతి విప్పాడు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాస్తే, అమెరికావాళ్లు దాన్ని ఇంటిపేరు చేసేసి, ముందు ఎఫ్ఎన్‌యూ అని తగిలిస్తారు. మొదటి పేరు తెలియదని దానర్థం. డాక్టరు దగ్గరా బ్యాంకులోనూ ఫ్నూ అని పిలిస్తే పలికీ పలికీ అలవాటైపోయింది. హాలు గొల్లుమంది. ఆయనా ఇంకో నలుగురూ నవ్వుకుంటూ కూర్చున్నారు.

ఒక్క మనిషి మాత్రం కూర్చోలేదు. నాగమల్లేశ్వరి.

అవనికి తల కొట్టేసినట్టయింది. అమ్మ లైసెన్సు మీద పూర్తి పేరే ఉందే, ఈవిడెందుకు లేచినట్టు? కూర్చోమని చేత్తో సైగ చేసింది. నాగమల్లేశ్వరి వినిపించుకోలేదు. వరసల మధ్యనుంచి నడుచుకుంటూ స్టేజీ ఎక్కింది. కప్పు తీసుకుని, చెక్కిన మూడక్షరాల మీద బొటనవేలితో మెల్లగా తుడిచింది. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి, పెదాలేమో నవ్వుతున్నాయి.

“రేపు ఆ మెయిల్ పెట్టకు,” అంది కూతురి చెవిలో.

“ఎందుకు మమ్మీ?”

“అప్పట్లో నా పాస్‌పోర్టులోనూ ఇదే గోల, నేనూ ఫ్నూనే. రిజల్టు వినకుండానే ఆ సాయంత్రం తాతయ్యతో ఇండియా ఫ్లైటెక్కేశాను. ఇంకోటి, నీ చరిత్రలో తప్పుంది, దిద్దుకో. ఆ గొడుగుకి చిల్లు లేదు, పుల్ల ఒక్కటే విరిగింది.”